ప్రాచీన కాలంలో సంగీతం అసలు ఏం పని చేసేది? ఒక వీణ టీచరు సమాధానం

మీరు అడిగింది ఇదీ: "ప్రాచీన నాగరికతల్లో సంగీతానికి ఆధ్యాత్మిక శక్తి ఉండేదని, సమాజాన్ని అదే నడిపించేదని అందరూ రాస్తారు. కానీ అది ఫలానా చోట ఫలానా పని చేసింది అని ఎవరూ చెప్పరు. ఆధారాలు ఉన్నాయా, లేక పొగడ్తలేనా?" మంచి ప్రశ్న. ఇదే ప్రశ్న నా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

సూటిగా చెప్తాను. ఆధారాలున్నాయి. అప్పట్లో సంగీతం ఒక పని. యజ్ఞానికి నెయ్యి, సమిధలు ఎంత అవసరమో పాట కూడా అంతే అవసరం. పాడేవాడు లేకపోతే క్రతువు ఆగిపోతుంది. వాయించేవాడు లేకపోతే రాజు కీర్తి ఊళ్లోకి వెళ్లదు. అంత అవసరమైన పని కాబట్టే ఆ సమాజాలు సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. అంత బలమైనది తమ అదుపు తప్పుతుందేమోనన్న భయంతోనే దాని చుట్టూ కట్టుబాట్లు కూడా పెట్టాయి. ఒక వైపే చూస్తే మిగిలేది పొగడ్త, లేదంటే తిట్టు. రెండూ కలిపి చూస్తేనే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

నేను ముప్పై రెండేళ్లుగా వీణ నేర్పుతున్నాను. డిప్లొమా పిల్లలకి సంగీత చరిత్ర పేపరు కూడా చాలా కాలం చెప్పాను. నాకు బాగా తెలిసింది మన దేశం సంగతే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

సామవేదంలో 1875 మంత్రాలున్నాయి. ఓ 75 తప్ప మిగతావన్నీ ఋగ్వేదంలో ఉన్నవే. మరి అవే మంత్రాలకి ఇంకో వేదం ఎందుకు? పాట కోసం. సామవేదం మొదటి మంత్రం "అగ్న ఆయాహి వీతయే". అగ్నీ, ఆరగించడానికి రా, అని పిలుపు. అదే మంత్రం గానంలోకి వెళ్లేసరికి "ఓగ్నాఇ, ఆయాహీ, వోఇతోయాఇ, తోయాఇ" అవుతుంది. అక్షరాలు సాగుతాయి, విరుగుతాయి, మధ్యలో 'హాఉ', 'హోఇ' లాంటి అర్థం లేని ధ్వనులు వచ్చి చేరతాయి. వాటిని స్తోభాలంటారు. మొదటిసారి రికార్డింగు వినిపించినప్పుడు మా పిల్లలు "మేడమ్, మాటలే అర్థం కావట్లేదు" అన్నారు. వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఇక్కడ పని చేసేది మాట అర్థం కాదు, ధ్వని. స్వరం తప్పితే మంత్రం తప్పినట్టే లెక్క.

ఇలా పాడే మంత్రాన్ని సామం అంటారు. ఒక సామాన్ని ఐదు భాగాలుగా పంచి, ముగ్గురు పాడతారు. ప్రస్తోత ఎత్తుకుంటాడు, ఉద్గాత నడిమి భాగం పాడతాడు, ప్రతిహర్త అందుకుంటాడు, చివర్లో ముగ్గురూ కలుస్తారు. దీని విలువ ఎంతో తెలియాలంటే ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి కథ చదవండి. వడగళ్ల వానకి పంటలు పోయి, తిండి లేక, ఏనుగుల మావటి తింటున్న ఎంగిలి గింజలు అడిగి తిన్న మనిషి ఆయన. మర్నాడు రాజుగారి యజ్ఞశాలకి వెళ్లి, పాడబోతున్న ప్రస్తోతతో "నువ్వు పాడే భాగానికి దేవత ఎవరో తెలియకుండా పాడితే నీ తల రాలిపోతుంది" అన్నాడు. ముగ్గురూ నోరు మూసుకుని కూర్చున్నారు. యజ్ఞం ఆగిపోయింది. రాజు వచ్చి నువ్వెవరని అడిగి, మిగతా ఋత్విక్కులకి ఇచ్చేంత ధనం నాకూ ఇస్తే చేయిస్తానని ఆయన అంటే, సరేనన్నాడు. నిన్న ఎంగిలి తిన్నవాడు ఇవాళ రాజు దగ్గర బేరం పెట్టగలిగాడు. పాట వెనకాల ఏముందో తెలియడం ఆ రోజుల్లో అంత అధికారం.

వాద్యాల గురించి తైత్తిరీయ సంహితలో ఒక మాట ఉంది, నాకు చాలా ఇష్టం. వాక్కు ఒకసారి దేవతల మీద అలిగి, యజ్ఞానికి లొంగకుండా పారిపోయి చెట్లలో దాక్కుందట. దుందుభిలో, పిల్లనగ్రోవిలాంటి తూణవంలో, వీణలో పలికేది ఆ వాక్కేనట. నేను వీణ చేయించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ వడ్రంగి పనస దుంగ మీద వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విని, ఒక దుంగని పక్కన పెట్టేశాడు. ఇంకోదాన్ని కొట్టి "ఇది పలుకుతుందమ్మా" అన్నాడు. ఆయన వేదం చదువుకోలేదు. కానీ మాట చెట్టులో ముందే ఉందన్న నమ్మకం ఆయన చేతిలో ఉంది.

ఇక రాజుల సంగతి. అశ్వమేధంలో వీణ తప్పనిసరి. గుర్రాన్ని వదిలిన తర్వాత ఏడాది పాటు ఇద్దరు వీణాగాథులు రోజూ వాయిస్తూ పాడాలని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. పగలు బ్రాహ్మణుడు పాడతాడు: ఈ రాజు ఇన్ని యజ్ఞాలు చేశాడు, ఇన్ని దానాలిచ్చాడు అని. సాయంత్రం క్షత్రియుడు పాడతాడు: ఈ రాజు ఇన్ని యుద్ధాలు చేశాడు, ఫలానా చోట గెలిచాడు అని. ఎవరి పాట వాళ్లే కట్టుకోవాలి. పత్రిక, టీవీ లేని రోజుల్లో ఒక రాజు గురించి ఏడాది పొడుగునా రోజుకి రెండు పూటలా పాట వినిపిస్తే జనంలో ఏమవుతుందో ఆలోచించండి. అదే గ్రంథంలో ఇంకో మాట: మనిషికి సిరి వచ్చినప్పుడు అతని కోసం వీణ మోగుతుంది, వీణ సిరికే ఒక రూపం. మన దగ్గర శాతవాహన శాతకర్ణి, ఆ తర్వాత నాగార్జునకొండ ఇక్ష్వాకు చాంతమూలుడు అశ్వమేధం చేసినట్టు శాసనాలున్నాయి. ఆ విధి ప్రకారమే చేసి ఉంటే ఆ పాటలు మన నేల మీదా మోగే ఉంటాయి. ఒక్క పాటా మిగల్లేదు, అదే బాధ.

రాజుల దాకా ఎందుకు, ఇంట్లో కూడా ఉంది. సీమంతానికి ఆపస్తంబ గృహ్యసూత్రం ఏం చెబుతుందంటే, భర్త వీణాగాథులిద్దరితో "పాడండి" అనాలి. పాడవలసిన గాథలు రెండు. అందులో బ్రాహ్మణులకు చెప్పిన గాథలో ఒక ఖాళీ ఉంటుంది, ఆ కుటుంబం ఏ నది ఒడ్డున ఉంటుందో ఆ నది పేరు అక్కడ పెట్టాలి. కొన్నేళ్ల క్రితం రాజమండ్రిలో మా దగ్గరి బంధువుల అమ్మాయి సీమంతానికి వీణ పట్టుకుని రమ్మన్నారు. నేను వచ్చిన అతిథులకి ఏదో కీర్తన వాయించాలనుకుని వెళ్లాను. పురోహితుడుగారు నన్ను హోమం పక్కనే కూర్చోబెట్టి, "అమ్మా, ఇది కచేరీ కాదు, క్రియ. నేను సైగ చేసినప్పుడు మీటండి" అన్నారు. ఆయన గాథ చెబుతూ గోదావరి పేరు దగ్గర కొంచెం ఆగారు. గదిలో అందరూ తలెత్తి చూశారు. కడుపుతో ఉన్న ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పుట్టబోయే బిడ్డకి ఫలానా నది ఒడ్డువాడివి అని పాటలో చెప్పడం అది. ఆధ్యాత్మికం, సామాజికం అని మీరు రెండు మాటలు వాడారు కదా, ఆ క్షణంలో వాటిని విడదీయడం నా వల్ల కాలేదు.

మహావ్రతం అనే క్రతువులో ఇంకా పెద్ద ఏర్పాటు ఉంది. నేలలో గొయ్యి తవ్వి, దాని మీద ఎద్దు తోలు బిగించి, ఆ ఎద్దు తోకతోనే కొట్టేవాళ్లు. భూమిదుందుభి అంటారు. నూరు తీగల వాణం అనే వాద్యం వాయించేవాళ్లు, మనిషికి నూరేళ్లు కాబట్టి నూరు తీగలు.

ఈ ఎద్దు తోలు దగ్గరే మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతం, గుర్తొస్తుంది. వాళ్ల ఆలయాల్లో లిలిస్సు అనే పెద్ద కంచు నగారా ఉండేది. దాని తోలు కోసం మచ్చ లేని, కర్ర దెబ్బ తగలని నల్ల ఎద్దుని తెచ్చి, చంపే ముందు రెల్లు గొట్టంతో దాని కుడి చెవిలో ఒక మంత్రం, ఎడమ చెవిలో ఒక మంత్రం ఊదేవాళ్లు. ఉరుక్ నగరంలో దొరికిన మట్టి పలకల మీద ఈ విధి మొత్తం రాసి ఉంది. ఆ నగారా మోగించేది దేవుడి కోపం చల్లార్చడానికి. అలా ఏడుపు పాటలు పాడడమే వృత్తిగా ఉన్న పూజారులు అక్కడ ఉండేవాళ్లు. సుమేరు భాషలో వాళ్లని గల అనేవాళ్లు. గుడి పడగొట్టి కొత్తది కట్టాలన్నా ముందు వాళ్లు వచ్చి దేవుణ్ణి ఓదార్చాల్సిందే.

అదే దేశంలో ఉర్ నగరపు రాచ సమాధులు క్రీ.పూ. 2500 ప్రాంతానివి. 1922 నుంచి 1934 దాకా అక్కడ తవ్వకాలు జరిపిన లెనార్డ్ వూలీకి ఒక రాణి సమాధిలో వీణలాంటి హార్ప్, దాని మీద వాలి పడిన ఒక వాద్యకారిణి ఎముకలు, తల మీద బంగారు అలంకారం కనిపించాయి. ఇంకో గోతిలో 74 మంది పరివారం, అందులో 68 మంది స్త్రీలు, వాళ్ల పక్కన ఎద్దు తలలున్న లైర్లు అనే తీగ వాద్యాలు. వాద్యాల కొయ్య ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. అది వదిలిన బోలులో ప్లాస్టర్ పోసి ఆకారం పట్టుకున్నారు. నేను ఆ ఫోటోలు క్లాసులో చూపించినప్పుడు ఒకమ్మాయి "ఆవిడ ఇష్టంగానే వెళ్లిందా?" అని అడిగింది. సంగీతం ఎంత గొప్పదిగా ఉండేదో చెప్పేటప్పుడు ఆ ప్రశ్న పక్కన పెట్టకూడదు. వాద్యాన్ని రాణితో పాటు పంపారు. వాయించే మనిషిని కూడా వాద్యంతో పాటు పంపారు.

ఇక రెండో వైపు, అంటే కట్టుబాట్లు. భగవద్గీతలో కృష్ణుడు "వేదాల్లో సామవేదాన్ని నేను" అంటాడు. అదే సంప్రదాయంలో ఆపస్తంబ ధర్మసూత్రం, కుక్క అరుపు, గాడిద ఓండ్ర, నక్క కూత, ఏడుపు, వాద్యాల మోత, సామగానం వినిపిస్తే వేదాధ్యయనం ఆపేయమంటుంది. మనువు దానికి కారణం చెప్పాడు: ఋగ్వేదం దేవతలది, యజుర్వేదం మనుషులది, సామం పితృదేవతలది, కాబట్టి దాని ధ్వని అశుచి. ఇది చదివి సంగీతాన్ని నీచంగా చూశారని కొందరంటారు. నేను అలా అనుకోను. అంత బలమైన ధ్వని పక్కన ఇంకో పని కుదరదని వాళ్లకి తెలుసు. ఏడుపు వినిపించే చోట పాఠం సాగదు కదా, అలాగే.

కానీ మనుషుల విషయానికొస్తే తేడా స్పష్టంగా ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గాయకులు, వాదకులు, నటులు పల్లెటూళ్లలో రైతుల పనికి అడ్డు రాకూడదని ఉంది. బయటి దేశం నుంచి వచ్చిన బృందం ప్రదర్శన ఇవ్వాలంటే ఐదు పణాలు, అంటే అప్పటి నాణేలు, కట్టాలి. వీణ, వేణువు, మృదంగం నేర్పే గురువులకి మాత్రం రాజ్యమే జీతమిచ్చింది, గణికలకి నేర్పడం కోసం. కళ కావాలి, కళాకారుడు మాత్రం లెక్కల్లో, నిఘాలో ఉండాలి.

జీతాల గొడవ కూడా అప్పటిదే. గుత్తిల జాతకంలో కాశీ రాజు ఆస్థాన వీణ విద్వాంసుడు గుత్తిలుడు ముసలివాడవుతాడు. శిష్యుడు మూసిలుడు విద్యంతా నేర్చుకుని కొలువు అడుగుతాడు. రాజు "మీ గురువు జీతంలో సగం ఇస్తాను" అంటే, "నాకూ అంతే వచ్చు, అంతే ఇవ్వాలి" అని పోటీకి దిగుతాడు. ఇంద్రుడి సలహా మీద గురువు ఒక్కో తీగా తెంపేస్తూ వాయిస్తాడు, తెగిన తీగల నుంచి కూడా నాదం వస్తూనే ఉంటుంది. శిష్యుడు ఓడిపోతాడు, జనం రాళ్లతో కొట్టి చంపేస్తారు. పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడల్లా సగం మంది శిష్యుడి పక్షమే. పని సమానమైతే జీతం సమానంగా అడగడంలో తప్పేముందంటారు. నిజం చెప్పాలంటే నాకూ అతని మీద జాలే.

బౌద్ధుల దగ్గర ఈ ఇరకాటం ఇంకా బాగా కనిపిస్తుంది. భిక్షువులకి పాట, ఆట, వాద్యం నిషేధం. ధర్మాన్ని రాగం తీస్తూ చదివితే ఐదు దోషాలని బుద్ధుడు చెప్పినట్టు సూత్రం ఉంది: పాడేవాడికి తన గొంతు మీదే మోజు పుడుతుంది, వినేవాళ్లకీ పుడుతుంది, ఇలా. అదే బుద్ధుడు అతిగా సాధన చేసి అలిసిపోయిన సోణుడికి వీణ తీగ ఉదాహరణే ఇచ్చాడు. మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైతే పలకదు అని. సోణుడు సన్యాసానికి ముందు వీణ వాయించేవాడు కాబట్టి అతనికి వెంటనే ఎక్కింది. ఒక విద్యార్థికి తీగ సరిచేసి ఇచ్చే ప్రతిసారీ నాకు ఈ సంభాషణ గుర్తొస్తుంది.

అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి మన కర్నూలు జిల్లాలోనే ఉంది. మొదటి శాసనంలో 'సమాజాలు' జరపొద్దంటాడు. అంటే జనం గుమిగూడే వేడుకలు. వాటిలో చాలా దోషాలున్నాయని చెప్పి, కొన్ని మాత్రం మంచివేనంటాడు. నాలుగో దానిలో భేరీ ఘోష ధర్మ ఘోష అయిందంటాడు. ఆయన భేరిని పగలగొట్టలేదు. యుద్ధానికి పిలిచే ధ్వనిని ధర్మం చాటే ధ్వనిగా మార్చానని చెప్పుకున్నాడు. జనాన్ని కదిలించేది ఏదో ఆయనకి బాగా తెలుసు.

ఇక అమరావతి. పాడకూడదన్న ధర్మం కట్టిన స్తూపం నిండా పాడేవాళ్లూ ఆడేవాళ్లూ ఉంటారు. ఏటా పిల్లల్ని అక్కడి మ్యూజియానికి తీసుకెళ్తాను, చెన్నై మ్యూజియంలో ఉన్న ఫలకాలు కూడా చూపించాను. ఆ శిల్పాల్లో స్త్రీలు ఒడిలో పెట్టుకున్న వాద్యం విల్లులా వంగి ఉంటుంది. ఒక చివర పడవలాంటి బుర్ర, అక్కణ్ణుంచి పైకి వంగిన కొమ్ము, మధ్యలో తీగలు. తీగని నొక్కి పట్టే మెట్లు లేవు. "ఇది వీణ కాదు కదా మేడమ్" అంటారు పిల్లలు. అప్పటి వీణ అదే. శతపథ బ్రాహ్మణంలో వీణ అన్నా, గుత్తిలుడి వీణ అన్నా ఇలాంటిదే ఊహించుకోవాలి. నాలుగో శతాబ్దపు సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద ఆయన మంచం మీద కూర్చుని వాయించేదీ ఇదే. మనం వాయించే ఇరవై నాలుగు మెట్ల వీణ చాలా తర్వాతది.

దీని వల్ల ఒక చిక్కు విడిపోతుంది. నాట్యశాస్త్రంలో భరతుడు రెండు వీణలతో 22 శ్రుతులు, అంటే స్వరాల మధ్య ఉండే చిన్న చిన్న తేడాలు, రుజువు చేసే పద్ధతి చెప్పాడు. ఒకటి కదపకుండా ఉంచి, రెండోదాని తీగలన్నీ అంచెలంచెలుగా తగ్గించుకుంటూ వెళ్లాలి. నేను మొదట్లో మెట్ల వీణ పెట్టుకుని ఇది చెప్పబోయి, పిల్లల్నీ నన్నూ టెన్షన్ పెట్టేశాను. కుదరదు. తర్వాత రెండు స్వరమండలాలు తెచ్చి, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ పెట్టి చేస్తే అరగంటలో అర్థమైపోయింది. ఆ విల్లు వీణ మన దగ్గర దాదాపుగా పోయింది. బర్మాలో 'సౌంగ్' అనే పేరుతో ఇప్పటికీ వాయిస్తున్నారు. అది చూస్తే అమరావతి ఫలకం లేచి వచ్చినట్టుంటుంది.

నాగార్జునకొండలో మెట్ల వరసలున్న ఒక రంగస్థలం బయటపడింది. సాగర్ నీళ్లలో మునిగిపోకుండా దాన్ని అనుపుకి తరలించి మళ్లీ కట్టారు. మధ్యలో నిలబడి పాడితే పై మెట్టు దాకా వినిపిస్తుంది, మా విద్యార్థితో పాడించి చూశాను. అయినా దాన్ని ప్రాచీన ధ్వనిశాస్త్రానికి రుజువుగా రాయకండి. అది కొత్త చోట మళ్లీ పేర్చిన రాయి. చుట్టూ ఉన్న కొండా గాలీ పాతవి కావు.

అదే జాగ్రత్త వాట్సాప్ మెసేజ్‌ల విషయంలో కూడా. ప్రాచీనులు 432 హెర్ట్జ్‌కి శ్రుతి చేసేవారని ఎవరైనా పంపితే నమ్మొద్దు. హెర్ట్జ్ అనే కొలతే 20వ శతాబ్దంలో వచ్చింది. భరతుడు శ్రుతిని చెవితోనే కొలిచాడు. మేఘం కురిపించిన రాగం కథలు కూడా ఈ జవాబులోకి తేలేదు. నేను పైన చెప్పినవన్నీ గ్రంథాల్లో, రాతి మీద, మట్టి పలకల మీద ఉన్నవి. విధి అలా ఉందంటే ప్రతి ఊళ్లో అలాగే జరిగిందని కాదు. ఇంకో లోటు కూడా ఉంది. రాయించుకున్నవాళ్లు రాజులూ పూజారులూ కాబట్టి, నాట్లు వేస్తూ, తిరగలి తిప్పుతూ పాడిన ఆడవాళ్ల పాట మనకి ఈ ఆధారాల్లో దొరకదు.

మీరు దీని మీద ఏదైనా రాస్తుంటే రెండు పనులు చేయండి. అమరావతి మ్యూజియంలో వాద్యాలున్న ఫలకాల ముందు కాస్త ఎక్కువసేపు నిలబడి, ఎవరు వాయిస్తున్నారో, ఎవరు కూర్చుని వింటున్నారో విడివిడిగా రాసుకోండి. రెండోది, మీది ఆపస్తంబ సూత్రం అయితే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, మీ అమ్మగారి సీమంతంలో ఏ నది పేరు చెప్పారో. మా అమ్మని అడిగితే కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి, "కృష్ణ" అంది.